విఠల్ గారి కారుకు మెకానిక్ లేడు

విఠల్ గారు తన కారును మెకానిక్‌కు ఇవ్వరు. ఆయన గురించి ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే. మిగతా విషయాల్లో అందరిలాంటి మనిషి. చాయ్‌లో చక్కెర ఎక్కువ వేసుకుంటారు, పేపర్ చదువుతూ ఎవరో ఒకరిని తిడతారు, మధ్యాహ్నం ఫ్యాన్ కింద గురక పెడతారు. కారు దగ్గరికి పరాయి చెయ్యి వచ్చిందంటే మాత్రం గొంతు మారిపోతుంది. "మనకు చేతుల్లేవా?" అంటారు. ఆ మాట వినీ వినీ ఆయన భార్య నళిని గారికి చేతులంటేనే విసుగు పుట్టింది.

ఉద్యోగంలో ఉన్నంతకాలం ఈ చేతులు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. నీళ్ల ఆఫీసులో ఫైళ్లు తిప్పి రిటైరైన మనిషి. ఇంట్లో బల్బు పోతే ఎలక్ట్రీషియన్ రావాల్సిందే, ఆయన కుర్చీ పట్టుకుని నిలబడేవారు, అంతే. అలాంటి మనిషి, రిటైరయ్యాక ఒకరోజు కారు బ్రేకు వేస్తే కీచుమంటోందని నారాయణగూడలో ఒక మెకానిక్ దగ్గరికి వెళ్లారు. బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయాయి, మార్చాలన్నాడు అతను. విఠల్ గారు కారును అలాగే వెనక్కి తిప్పుకొచ్చి, రెండు ముక్కలు తీసి రెండు ముక్కలు పెట్టడానికి ఇంకొకడు ఎందుకని నళిని గారి మీద గయ్యిమన్నారు. పాపం ఆవిడేమీ అనలేదు.

ఆ తర్వాత ఆ ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా ఫోన్లో హిందీ వీడియోలే. ఎవరో ఒకాయన చక్రం విప్పుతూ ఉంటాడు, విఠల్ గారు ముద్ద చేతిలోనే మర్చిపోయి చూస్తూ ఉంటారు. చివరికి ఒక ఆదివారం జాకీ, పానాలు తీసుకుని అశోక్‌నగర్‌లోని వాళ్ల గల్లీలోకి దిగారు. ఆ గల్లీ నిండా గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లల హాస్టళ్లే. ప్రపంచంలోని ప్రతి సమస్యకూ వాళ్ల దగ్గర నాలుగు ఆప్షన్లు ఉంటాయి. చాయ్ గ్లాసులతో చుట్టూ చేరి, బ్రేకులోని పిస్టన్ వెనక్కి వెళ్లకపోవడానికి కారణాలు చర్చించారు. తుప్పన్నాడొకడు, నూనె ఎక్కువైందన్నాడొకడు, కళ్లజోడు పిల్లవాడు పైవేవీ కావన్నాడు.

బోల్టులు పోకుండా విఠల్ గారు వాటిని వంటింట్లోంచి తెచ్చిన పోపుల పెట్టెలో వేశారు. పెట్టెను తిరిగి యథాస్థానంలో పెట్టారు కూడా, ఆ విషయంలో ఆయన చాలా క్రమశిక్షణ గల మనిషి. ఆ వారమంతా పప్పుచారు గ్రీజు వాసన కొట్టింది, జీలకర్రలో ఒక వాషర్ దొరికింది.

అసలు కథ బండి స్టార్ట్ చేశాక జరిగింది. కొత్త ప్యాడ్లు వేశాక, బండి కదలకముందే బ్రేకు పెడల్‌ను గట్టిపడేదాకా తొక్కుతూ ఉండాలట. వీడియోలో ఆ ముక్క చివర్లో వస్తుంది, విఠల్ గారు చివరిదాకా చూసే రకం కాదు. తొక్కితే పెడల్ నేలకంటుకుంది, కారు నింపాదిగా వెళ్లి అపార్ట్‌మెంట్ గేటును గుద్దుకుని ఆగింది. నళిని గారు గుండె చేత్తో పట్టుకుని బాల్కనీలోంచి అరిస్తే, ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, "బండి సీదా పోయిందంటే చక్రాలు మంచిగ బిగించినట్టే గదా" అన్నారు. గేటును కూడా ఆయనే బాగుచేశారు. అప్పటినుంచి అది మూసుకోవడం మానేసింది.

ఆ గుద్దుడుతో బుద్ధి వస్తుందనుకున్నారు నళిని గారు. వచ్చింది పిచ్చి. నెల తిరగకుండా మళ్లీ చక్రాలు విప్పారు. బిగించారు, మళ్లీ విప్పారు. ఆ కారు వెళ్లేది చిక్కడపల్లి కూరగాయల మార్కెట్ దాకా, అక్కణ్నుంచి వెనక్కి ఇంటికి. ఆ కాస్త దూరానికి ప్యాడ్లు ఎలా అరుగుతాయని ఆవిడ నిలదీస్తే, చూసుకుంటూ ఉండాలి, బ్రేకులతో ఆటలా అని ఎదురు తిరిగారు. ఆటలాడుతున్నది ఎవరో గల్లీ మొత్తానికి తెలుసు.

పిచ్చి సొంత కారు దాకా ఉంటే ఆవిడ ఊరుకునేవారు. ఆయన కన్ను ఎల్లేష్ కారు మీద పడింది. ఎల్లేష్‌ది మహబూబ్‌నగర్ వైపు. ముషీరాబాద్‌లో ఒక గది కిరాయికి తీసుకుని భార్య సరితతో ఉంటాడు, సెకండ్‌హ్యాండ్ కారు కొని ట్యాక్సీ నడుపుతాడు. బేరాల కోసం వీళ్ల గల్లీ మొదట్లోనే ఆగుతాడు. ఆ ఇంటి పొయ్యి వెలగాలంటే ఆ కారు తిరగాలి. అలాంటి కారు పక్కన నిలబడి విఠల్ గారు బతిమాలుతూ ఉండటం నళిని గారు బాల్కనీలోంచి చెవులారా విన్నారు.

"జర నీ కారియ్యవా ఎల్లేష్. ఆదివారం పొద్దుగాల ఒక్క పూట. నా కారుకు ఇగ ఏం చేసేటట్టు లేదు, చేతులు ఊకుంటలేవు."

ఎల్లేష్ నవ్వి, తల గోక్కుని, చివరికి సరేనన్నాడు. నళిని గారి ప్రాణం చచ్చిపోయింది. ఈయన బిగించిన బ్రేకులతో అతను స్టీల్ బ్రిడ్జి దిగుతుంటే పెడల్ నేలకంటుకుంటే? కారు పోతే బతుకు పోతుంది, లోపలున్న మనిషి సంగతి సరేసరి. ఆ రాత్రి ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. విఠల్ గారు వెనక్కి తగ్గలేదు. తన చేతులు తన ఇష్టమన్నారు. ఎల్లేష్ కారు విప్పారు, బిగించారు. కొన్ని నెలలు గడిచాక మళ్లీ విప్పారు. ఈసారి వెనక చక్రాల మీద కూడా మనసు పడ్డారు.

ఇక లాభం లేదనుకుని ఒక మధ్యాహ్నం నళిని గారు ఆటో ఎక్కి ముషీరాబాద్ వెళ్లారు. క్షమాపణ చెప్పాలి, ఇంకోసారి కారు ఇవ్వొద్దని గట్టిగా చెప్పాలి. సరిత మిషన్ మీద జాకెట్ కుడుతోంది. కుర్చీ తుడిచి వేసి, మంచినీళ్లు ఇచ్చింది. నళిని గారు భర్త పిచ్చి గురించి మొదలుపెట్టగానే, ఆ పిల్ల ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"మీరేం ఫికరు చెయ్యకుండ్రి అమ్మా. సారుకు ఇంట్ల పొద్దు పోతలేదని మాకు తెల్వదా? మా ఆయన గదే అంటడు. పెద్ద మనిషి అంత బతిమాలుతుంటే ఎట్ల కాదంటం, మన కారు ఇస్తె ఏం పోతది అని."

భయమేయలేదా అని అడిగారు నళిని గారు. మొదట వేసిందట. అందుకే బ్రేకులు వేశాక ఎల్లేష్ విఠల్ గారినే ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ట్యాంక్‌బండ్ దాకా తిప్పాడట, బండి ఎక్కడ ఆపితే అక్కడ ఆగిందట. అంతకుముందు తొక్కితే ఇనుము ఇనుముకు రాసుకునే చప్పుడు వచ్చేదట. మెకానిక్ షెడ్డులో పెడితే డబ్బుతోపాటు ఆ రోజు బేరాలు పోతాయని అతను రేపు మాపు అంటూ నెట్టుకొచ్చాడట.

"సారు మొదలు నేను చేపిస్త, షెడ్డుకు పోదాం పా అన్నడు. మా ఆయనకు మస్తు కోపమొచ్చింది, నేనేమన్న అడుక్కతింటున్ననా అని. నెల రోజులు మీ గల్లీ మొఖం సూడలే. తర్వాత సారే వచ్చి కారియ్యమని అడిగిండు. ఒగరికి సాయం జేసుడంటె మా ఆయనకు ఖుషీ."

నళిని గారు మెల్లగా, మరి ప్యాడ్లు ఎవరు కొంటున్నారని అడిగారు. సరిత జాలిగా నిట్టూర్చింది. షాపువాడు విఠల్ గారికి ప్రతిసారీ తప్పు సెట్టే ఇస్తాడట. ఆయన కారుకు పట్టదట. వాపసు తీసుకోమంటే తీసుకోడట. ఊరికే పడి ఉంటుందని తెచ్చి వేస్తే, విచిత్రం, ఎల్లేష్ కారుకు సరిగ్గా సరిపోతుందట.

"పాపం, సారు మరీ మెత్తనోడు అమ్మా. షాపోనితోని కొట్లాడలేడు."

విఠల్ గారు చిక్కడపల్లి మార్కెట్లో పుచ్చు వంకాయ ఒక్కటి వస్తే, దాన్ని పట్టుకుని మళ్లీ వెళ్లి, బండివాడితో గంట సేపు కొట్లాడి మార్చుకొచ్చే మనిషి. నళిని గారికి సంగతంతా అర్థమైంది. నెల తిరగకుండా సొంత కారు చక్రాలు ఎందుకు విప్పారో, ఎవరి కారు కోసం చెయ్యి తిరిగేదాకా సాధన చేశారో కూడా అర్థమైంది. కోపం వచ్చింది, తనకు చెప్పనందుకు. ఆ కోపం వెనకే గర్వం కూడా వచ్చింది, దాన్ని ఆవిడ పైకి కనబడనివ్వలేదు. ఇప్పుడు నిజం చెబితే ఎల్లేష్ రేపటినుంచి ఈ గల్లీకి రాడు. క్షమాపణ చెప్పడానికి వెళ్లిన మనిషి మాట మార్చేశారు.

"నిజమే సరితా. మీ ఆయన పుణ్యాన ఈయన జర కుదురుగ ఉంటున్నడు. అడిగితె కాదనకుండ్రి."

సరిత ముఖం వెలిగింది. సారుకు ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇస్తామంది.

ఇంటికొచ్చేసరికి కారు కిందనుంచి రెండు కాళ్లు కనిపించాయి. నళిని గారు వాటి పక్కన నిలబడి, షాపువాడు మళ్లీ తప్పు సెట్టు ఇచ్చాడా అని అడిగారు. కాళ్లు కదలడం ఆగిపోయింది. కిందనుంచి గొంతు వచ్చింది.

"ఎల్లేష్‌కు చెప్పినవా?"

"లే."

"చెప్పకు. వాడు నాకు సాయం చేస్తుండు. చెయ్యనీ."

ఇంకేమీ అడగకుండా ఆవిడ మెట్లెక్కి పై అంతస్తుకు వెళ్లారు. అక్కడ పద్మ ఉంటుంది, స్కూల్లో టీచరు. సొంత తమ్ముడు పంపిన పండ్లబుట్టకు కూడా బదులు పంపేదాకా నిద్రపోని మనిషి. నెల రోజులుగా పొద్దున్నే ఆమె కారు గేటు దగ్గర బ్రేకు వేస్తే ఆ కీచుకు బిల్డింగంతా లేచి కూర్చుంటోంది, వచ్చే నెల జీతానికి చేయిస్తానంటూ ఆమె నెట్టుకొస్తోంది. తలుపు తియ్యగానే నళిని గారు చీర కొంగుతో ముఖం తుడుచుకున్నారు.

"మా ఆయనతోని మస్తు పరేషానుంది పద్మా. విప్పుటానికి ఇంకో కారు దొరక్కపోతె నా మిక్సీ విప్పుతడట. ఆదివారం నీ కారు జర ఇయ్యవా? నీ మేలు మర్చిపోను."

పద్మ లోపలికి వెళ్లి తాళం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. "పాపం, ఎట్ల భరిస్తున్నరో అక్కా" అంది. నళిని గారు ముఖాన్ని వీలైనంత దీనంగా పెట్టుకుని, మెట్ల మలుపు దాటేదాకా దాన్ని అలాగే కాపాడుకున్నారు.