విరామం లేని సినిమాకు క్యాసిల్‌మెయిన్ దాకా

మా చెల్లెలు శైలజ నటించిన సినిమా మెల్‌బోర్న్‌లో ఎక్కడా ఆడలేదు. క్యాసిల్‌మెయిన్ అనే చిన్న ఊళ్ళో శనివారం మధ్యాహ్నం ఒక్క ఆట వేస్తున్నారని తెలియగానే అమ్మ ప్రయాణం కట్టింది.

శైలజ ఇంగ్లండులో మందుల షాపులో పనిచేస్తుంది. వాళ్ళ వీధిలో ఉండే ఒకాయన, చేతిలో ఉన్న కాస్త డబ్బుతో గూఢచారుల మీద నవ్వుల సినిమా తీస్తూ, దీన్ని కిరాణా కొట్టు నడిపే గూఢచారిగా పెట్టుకున్నాడు. పోయిన ఏడాది రొమ్ములో గడ్డకు ఆపరేషన్ అయి, స్వామి దయవల్ల గట్టెక్కిన పిల్ల. దాన్ని తెరమీద నిండుగా చూసుకోవాలని అమ్మ ఆశ.

బయల్దేరే ముందురోజు శైలజ ఫోన్ చేసింది.

“అక్కా, సినిమా సగమయ్యాక నేను చచ్చిపోయినట్టు వస్తుంది. ఉత్తుత్తిదేలే, శత్రువుల్ని నమ్మించడానికి. కాకపోతే నా ఫోటోకి దండేసి దీపం పెట్టారు. మీ ఇళ్ళల్లో ఎవరన్నా పోతే ఏం చేస్తారని డైరెక్టర్ అడిగితే నేనే ఎగేసుకుని చెప్పా.”

“ఏ ఫోటోనే?”

“కొత్త ఫోటో తీయించడానికి వాళ్ళకు బడ్జెట్ ఎక్కడిది? మా హాల్లో ఉన్నదే. అమ్మ ఫ్రేమ్ కట్టించి ఇచ్చిందే, అది.”

బతికున్న కూతురి ఫోటోకి దండ, అందులోనూ ఆ ఆపరేషన్ తర్వాత! అమ్మ తట్టుకోలేదు. వద్దంటే వినదు. “ఇంటర్వెల్లో కాఫీకని బయటికి తీసుకుపోయి, కాస్త ఆలస్యంగా లోపలికి తీసుకురా” అని చెల్లెలే ఉపాయం చెప్పింది.

శనివారం ఉదయం దీపం పెట్టుకుని, మేముండే క్రాన్‌బర్న్‌లో ఎనిమిదింటి రైలు ఎక్కాం. నగరంలో రైలు మారాలి. రైలు కార్డు ఒక్కటే అంతదూరమూ పనికొస్తుంది, ముందుగా సీటు రాయించుకోనక్కర్లేదు. మెట్లు ఎక్కలేని పెద్దవాళ్ళుంటే మారేచోట లిఫ్టు ఎటుందో అడిగి పెట్టుకోండి. మాకు ఒక ఉద్యోగి దగ్గరుండి చూపించాడు, చల్లగా ఉండాలి.

ఊరు దాటాక ఎండిన గడ్డి కొండలు, గొర్రెలు, గమ్ చెట్లనే యూకలిప్టస్ చెట్లు. ఎదుటి సీట్లో మెగ్ అనే పెద్దావిడ అల్లికపని చేసుకుంటూ కూర్చుంది. మేమెక్కడికి పోతున్నామో చెబితే పకపకా నవ్వింది.

“ఆ సినిమాకా! తెప్పించింది మా క్లబ్బు వాళ్ళమే. ముందే చెబుతున్నాను, కార్ల ఛేజింగులు ఉండవు. విలన్ సిటీ బస్సెక్కి పారిపోతాడు.”

అమ్మకు తెలుగులో చెప్పాను. “నయమే. టిక్కెట్టన్నా తీసుకున్నాడా?” అంది.

మెగ్‌కు చెబితే అల్లికపని ఒళ్ళో పడేసి మరీ నవ్వింది.

పదకొండున్నర దాటాక దిగాం. స్టేషను నుంచి బజారుకు నడిచేంత దూరమే. ఒక బెంచీ మీద పులిహోర, పెరుగన్నం తిన్నాం. శనివారాలు అమ్మకు ఒంటిపూట భోజనం, అందుకే మర్చిపోకుండా డబ్బాలు కట్టాను. ఈ ఊళ్ళో మన తిండి దొరుకుతుందో లేదో నేను చూడలేదు.

రెండింటికి ఆట మొదలైంది. పాత హాలు, మెత్తటి కుర్చీలు, ఇరవై మందికి మించి లేరు. సినిమాలో గూఢచారులందరికీ కలిపి ఒక్కటే తుపాకీ. ఒకడు వాడుకుని ఇచ్చేవరకూ ఇంకొకడు ఆగాలి. కొట్లో పప్పు తూస్తూ శైలజ కనబడగానే అమ్మ ముందుకు వంగి, “చిక్కింది కానీ కళ ఉంది” అంది.

నేను ఇంటర్వెల్ కోసం చూస్తున్నాను. మేము ఇక్కడ చూసేవన్నీ తెలుగు సినిమాలే. సగంలో విరామం పడుతుంది, లైట్లు వెలుగుతాయి, సమోసాలకు పరుగెడతాం. ఇంగ్లీషు సినిమాకు ఆ అలవాటే లేదన్న సంగతి అక్కకూ తట్టలేదు, చెల్లెలికీ తట్టలేదు. లైట్లు వెలగలేదు. తెర నిండా శైలజ ఫోటో, బంతిపూల దండ, ముందు దీపం.

అమ్మ చెయ్యి నా మణికట్టు మీద బిగుసుకుంది. అబద్ధమని తెలిసీ నాకు ఏడుపు ఆగలేదు. ఆపరేషన్ రోజు ఆసుపత్రి వాళ్ళు ఫోన్ ఎత్తని ఆ నాలుగు గంటలూ గుర్తొచ్చాయి. అమ్మ పైటచెంగు నా చేతిలో పెట్టింది.

కాసేపటికి బియ్యం బస్తాల వెనకనుంచి శైలజ లేచి, విలన్ నెత్తిన పప్పుడబ్బాతో ఒకటి వేసింది.

“దొంగమొహందానా! బతికే ఉన్నావటే!” అమ్మ గొంతు హాలంతా వినబడింది.

ముందు వరసలోంచి మెగ్ వెనక్కి తిరిగి, “ఏమంటున్నారు?” అంది.

“మై డాటర్,” అంది అమ్మ, నేను నోరు తెరిచేలోపే. అందరూ చప్పట్లు కొట్టారు.

అయిదింటికి తిరుగు రైలు దొరికింది. అమ్మకు కోపం వచ్చిందేమోనని, ముందే తెలిసి దాచానని చెప్పేశాను.

“ఏందే నీ భయం? కాకి తలమీద తంతే మనవైపు ఏం చేస్తారు? ఫలానావాళ్ళు పోయారని దగ్గరివాళ్ళకు ఉత్తుత్తి కబురు పంపుతారు. వాళ్ళు ఏడిస్తే గండం పోయినట్టే. తర్వాత నిజం చెప్పి నవ్వుకుంటారు.”

“వాళ్ళు నిజమనుకుని ఏడుస్తారు కదమ్మా. నాకు అబద్ధమని తెలుసు.”

“తెలిసీ అంత ఏడ్చావు. దానికింకేం కావాలి?”

కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. మాకు చోటిచ్చిన రైలుకు, ఊరికి, నవ్విన మనుషులకు మనసులోనే దండం పెట్టుకున్నాను. ఈ దారిలో కొండలు బాగుంటాయి, పోగలిగినవాళ్ళు పోయి రండి. తిరుగు దారిలో నేను వాటిని సరిగా చూడలేదు. శైలజ ఆపరేషన్ అయిననాటినుంచి అమ్మ పగలు కునుకు తీయడం నేనెరగను. నగరం వచ్చేదాకా ఆమె గురకపెట్టి నిద్రపోయింది, నేను అదే చూస్తూ కూర్చున్నాను.