రెండు దెబ్బలంటే పోనీ

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మి ఉంటే అంత తేలిగ్గా దయ్యం పేరు చెప్పి అబద్ధం ఆడగలిగేదాన్ని కాదు.

పిల్లలూ, మిలటరీ లారీలో సిపాయి దయ్యం కథ మీ నాన్న మీకు చెప్పాడని మొన్న చిన్నది ఫోన్ చేసినప్పుడు తెలిసింది. "నానమ్మా, ఆ సిపాయి మాట నిజంగా విన్నావా?" అని అడిగింది. లైను సరిగ్గా లేదమ్మా అని పెట్టేశాను. లైను బాగానే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. మీలో తెలుగు చదవడం రానివాళ్ళకి మీ నాన్నే చదివి వినిపించాలి. వాడికి కూడా ఈ సంగతి ఇప్పుడే తెలుస్తుంది.

అప్పుడు మీ నాన్న తొమ్మిదో క్లాసు. పని కోసం హిందీ ఊరికి వచ్చేశాం. మీ తాతయ్య అక్కడ ఉర్లాలో ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో వెల్డింగ్ మేస్త్రీగా చేసేవారు. శంకర్ నగర్‌లో రెండు గదుల అద్దె ఇల్లు మాది. మాతో పాటు మా అత్తగారు, అంటే మీ తాతయ్య అమ్మ, ఉండేవారు. ఆవిడ స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. మూడేళ్ళుగా మంచంలోనే. స్నానం, దొడ్డి, పక్క మార్చడం అన్నీ నా చేతుల మీదే జరిగేవి.

ఆవిడకి ఒకటే కోరిక. టెక్కలి దగ్గర పల్లెలో వాళ్ళ అప్ప, అంటే అక్క, ఉంది. ఆవిడ ఒక్కతే మిగిలిన తోబుట్టువు. ఆ అప్పకి చూపు పోయింది, ఉత్తరం రాసినా చదువుకోలేదు. "దానికి కళ్ళు నేవు, నాకు కాళ్ళు నేవు. ఒక పాలి దాని సెయ్యి పట్టుకుంటే సాలు" అనేవారు మా అత్తగారు. రైల్లో ఆ రద్దీలో ఆవిణ్ణి పడుకోబెట్టి తీసుకెళ్ళడం కుదిరే పని కాదు.

మీ తాతయ్య షాపు పని మీద జబల్పూర్ వెళ్ళారు. కాలం తీరిన మిలటరీ బళ్ళు వేలం వేస్తున్నారని అక్కడ విన్నారట. మూడోనాడు ఆకుపచ్చ లారీ ఒకటి మా సందు మొదట్లో ఆగింది. ముందు సీట్లోంచి మీ తాతయ్య దిగారు. "ఇల్లు కట్టుకోవడం మన వల్ల కాలేదు కదా, చక్రాలున్న ఇల్లు కొన్నాను" అని నవ్వారు. నేను నవ్వలేదు.

ఆదివారాలన్నీ దాని మీదే పోయాయి. మిలటరీ రంగుతో రోడ్డెక్కకూడదని మీగడ రంగు వేయించారు. పైన గుడ్డ తీసేసి రేకు కప్పు వేశారు, రెండు పక్కలా కిటికీలు కోశారు. స్టవ్ కదలకుండా ఇనప చట్రం, కప్పు మీద నీళ్ళ డ్రమ్ము పెట్టారు. మా అత్తగారికి క్యాబిన్ వెనక గోడకి ఆనించి ఇనప మంచం వెల్డింగ్ చేశారు. ముందు అమ్మని అప్ప దగ్గరికి తీసుకెళ్దాం, తర్వాత పూరీ, ఆ తర్వాత ఎక్కడికైనా అనేవారు. ఆయన అంత సంతోషంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

లారీలకి ఒక పద్ధతి ఉంది, మీకు తెలుసో తెలీదో. వెనక కూర్చున్నవాళ్ళు క్యాబిన్ రేకు మీద ఒక దెబ్బ కొడితే ఆపమని. రెండు దెబ్బలు కొడితే పోనీమని. ఒక ఆదివారం మీ తాతయ్య, షాపులో ఆయనతో పనిచేసే ఇంకొకాయన కలిసి మా అత్తగారిని ఎత్తి ఆ మంచం మీద పడుకోబెట్టారు. మీ తాతయ్య ముందుకెళ్ళి ఇంజను వేశారు. ఆవిడ తన స్టీలు గ్లాసు అంచుతో రేకు మీద టక్ టక్ అని కొట్టారు. బండి నాలుగడుగులు ముందుకెళ్ళింది. టక్ అన్నారు, ఆగింది. "ఒరే, ఇంజనుకి నా మాట ఇనబడతందిరా" అని పళ్ళన్నీ కనిపించేలా నవ్వారు. ఆ తర్వాత ఇంట్లో కూడా పడుకున్నచోటే గోడ మీద కొట్టి సాధన చేసేవారు.

ఇక నా సంగతి చెప్పాలి.

ఎదురింటి ఆఫీసరు భార్య ఒకరోజు కుళాయి దగ్గర అందరి ముందూ అడిగింది. "క్యా భాభీ, అబ్ గాడియా లోహార్ బన్ జావోగీ?" ఇక గాడియా లోహార్‌వి అయిపోతావా అని. గాడియా లోహార్లంటే బళ్ళ మీదే కాపురం ఉంటూ రోడ్డు పక్కన కొలిమి పెట్టుకుని కొడవళ్ళు చేసే వాళ్ళు. వాళ్ళ ఆడవాళ్ళు సమ్మెట ఎత్తడం రోజూ చూసేదాన్ని. నాకంటే నిజాయితీగా బతికేవాళ్ళు. కానీ ఆ రోజు ఆ మాటకి నా తల కొట్టేసినట్టయింది. నీళ్ళు పట్టకుండానే ఇంటికొచ్చేశాను.

అది ఒక్కటే కాదు. నేను అలిసిపోయాను. ఇంట్లో తలుపేసుకుని చేసే చాకిరీ ఇప్పుడు రోడ్డు మీద, దారినపోయేవాళ్ళ మధ్య చెయ్యాలి. ఘాట్ రోడ్డులో బండి ఊగుతుంటే ఆవిడ కింద గిన్నె పెట్టాలి. ఇది మీ తాతయ్యకి తట్టలేదు. నేనూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన వినేవారేమో. ఇంకో మనిషిని తోడు పెట్టేవారేమో. నోరు విప్పి నా వల్ల కాదు అనడం కంటే అబద్ధం తేలికనిపించింది.

ఒక మధ్యాహ్నం బండి ఊడ్చి వచ్చి మా అత్తగారి పక్కన కూర్చున్నాను. బండిలో ఎవరో ఉన్నారత్తా అన్నాను. ఎవరూ లేకుండానే రేకు మీద ఒక దెబ్బ వినబడిందనీ, రోకో అని మగగొంతు అందనీ చెప్పాను. ఆ బండిలో ఎవరో సిపాయి పోయి ఉంటాడన్నాను.

ఆవిడ భయపడతారనుకున్నాను. ఆవిడ భయపడలేదు. "ఎంత వయసుంటాదే?" అని అడిగారు.

గొంతు బట్టి ఇరవై ఉంటాయన్నాను.

"పాపం, ఎవలి బిడ్డో" అన్నారు. తర్వాత, "ఆపమన్నాడు కదే. ఎవలి బిడ్డో ఆపమంతంటే నాను పోనీమని ఎలగంతాను? నానెల్లను" అన్నారు.

సాయంత్రం మీ తాతయ్య ఎంత బతిమాలినా ఆవిడ వినలేదు. ఆయన నన్ను వంటింట్లోకి పిలిచి, "నిజంగా విన్నావా?" అని ఒకే ఒక్కసారి అడిగారు. అత్తమ్మ మీద ఒట్టు అన్నాను. నెల తిరక్కుండా బండిని మోవాలో ఒక కాంట్రాక్టరుకి ఇచ్చేశారు. ఇనప మంచాన్ని ఆయనే కోసి తీశారు, కొన్నవాళ్ళకి సామాను వేసుకోవడానికి చోటు కావాలని.

అక్కడితో అయిపోయిందనుకున్నాను.

మూడు నెలల తర్వాత ఒక పొద్దున ఆ కాంట్రాక్టరు డ్రైవరు మా ఇంటికొచ్చాడు. బిసాహు అని, నడివయసు మనిషి. మీ తాతయ్య డ్యూటీకి వెళ్ళారు. అతను గుమ్మం బయటే నిలబడి, బండిలో ఏముంది దాయీ అని అడిగాడు. ఖాళీగా ఉన్నప్పుడు, టీకి ఆపినా లోడుకి ఆపినా వెనక నించి దెబ్బలు వినిపిస్తున్నాయట. ఎవరో చెప్పారని బండి కదిపేస్తే, ఒకసారి ఎక్కుతున్న కూలీ కింద పడబోయాడట. కాంట్రాక్టరు బండిని బాబూజీకి, అంటే మీ తాతయ్యకి, తిరిగిచ్చెయ్యమంటున్నాడట.

నా అబద్ధం ఊరంతా తిరిగి మళ్ళీ నా గుమ్మానికే వచ్చిందనుకున్నాను. సిపాయి గురించి నీకెవరు చెప్పారని కోప్పడ్డాను.

అతను తెల్లబోయాడు. ఏ సిపాయి అన్నాడు. అతనికేమీ తెలీదు.

ఒక్క దెబ్బేనా అని అడిగాను.

"నహీ దాయీ. దో. హమేషా దో" అని రెండు వేళ్ళు చూపించాడు.

బండి తిరిగొస్తే ప్రయాణం మాట మళ్ళీ లేస్తుంది. నా ఒట్టు సంగతీ లేస్తుంది. నేనే వచ్చి చూస్తాను, బాబూజీకి చెప్పకు అన్నాను. మా అత్తగారి దగ్గర కూర్చోమని పక్కింటి భాభీని పిలిచి, రిక్షాలో మోవా వెళ్ళాను. మా ఇంటికి రెండు మైళ్ళు ఉంటుంది.

కాంట్రాక్టరు స్థలంలో పట్టపగలు, ఎండలో నిలబడి ఉంది బండి. వెనక ఎక్కాను. ఇసకా, రెండు తట్టలూ తప్ప ఏమీ లేవు. మంచం కోసిన చోట వెల్డింగ్ మచ్చలున్నాయి. వాటికి జానెడు పైన, పడుకున్న మనిషి చెయ్యి అందే ఎత్తులో, రంగు మీద గ్లాసు అంచు పడ్డ చిన్న చిన్న చంద్రవంకలు. వాటి పక్కనే ఇసకలో కూర్చున్నాను. నేను చెప్పేదాకా కదపొద్దని బిసాహుకి చెప్పాను. అతను ఇంజను వేసుకుని ముందు కూర్చున్నాడు. బయట పాన్ డబ్బాలో రేడియో మోగుతోంది. మధ్యాహ్నం వార్తలు మొదలయ్యాయి.

టక్ టక్.

నా చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి. శబ్దం నా చెవి పక్కనే వచ్చింది. స్టీలు గ్లాసు అంచు రేకుకి తగిలితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇంట్లో రోజూ విన్నదే. అరచెయ్యి రేకుకి ఆనించాను. మళ్ళీ టక్ టక్. చేతి కింద రేకు అదిరింది.

బండి కదిలింది. నేనే కొట్టాననుకున్నాడు బిసాహు. స్థలం దాటి బిలాస్‌పూర్ రోడ్డెక్కేశాడు. ఆపమని అరిచాను, ఇంజను హోరులో వినబడలేదు. ఇంకేం తోచక గాజుల చేత్తో ఆ రేకు మీద గట్టిగా ఒక దెబ్బ కొట్టాను.

బండి ఆగింది.

ఆ తర్వాత ఇంక ఏ శబ్దమూ రాలేదు. దిగాను. ఏమీ లేదు, రేకు వదులుగా ఉంది, మేకు కొట్టించుకో అని బిసాహుకి చెప్పాను. అతను నా మొహం చూసి తలూపాడు, నమ్మలేదు.

ఇంటికొచ్చేసరికి పక్కింటి భాభీ గుమ్మంలోనే ఉంది. మీ అత్తగారు ఇవాళ ఊరికే ఉండలేదు భాభీ అంది. గ్లాసుతో గోడ మీద రెండేసి దెబ్బలు కొడుతూనే ఉన్నారట. దాహమేమోనని నీళ్ళిస్తే తాగలేదట. రేడియోలో మధ్యాహ్నం వార్తలు మొదలైనప్పుడు కూడా కొట్టారట. కాసేపటికి ఉన్నట్టుండి చెయ్యి దించేసి ఏదో అన్నారట. భాభీకి తెలుగు రాదు. ఆ మాట గుర్తుపెట్టుకుని, విన్నది విన్నట్టు నాకు అప్పజెప్పింది.

"ఆగిపోనాది. ఇస్కా మత్‌లబ్ క్యా హై, భాభీ?"

నీళ్ళు చాలని అర్థం అన్నాను. చూడండి, అప్పుడు కూడా అబద్ధమే.

మా అత్తగారు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. నిద్రపోతున్నారో లేదో తెలీదు. నేను పక్కన కూర్చున్నాను. చెప్పేద్దామనుకున్నాను. బండి ఇంకా మోవాలోనే ఉంది, కాంట్రాక్టరు తిరిగిస్తానంటున్నాడు, ఒక్క మాట చెబితే చాలు. ఈయన డ్యూటీ నించి రానీ అనుకున్నాను. వచ్చాక, అన్నం తిననీ అనుకున్నాను. మర్నాడు కూడా చెప్పలేదు, ఆదివారం చెబుదాంలే అనుకున్నాను.

శనివారం టెక్కలి నించి టెలిగ్రాం వచ్చింది. అప్ప పోయింది.

మీ తాతయ్య చదివి వినిపిస్తే మా అత్తగారు ఏడవలేదు. గ్లాసు అందుకుని మంచం పక్కన బోర్లించారు. "మరి ఎక్కడికెల్లాలి" అన్నారంతే. ఆ తర్వాత ఆవిడ రెండేళ్ళు బతికారు. మళ్ళీ ఒక్కసారి కూడా గోడ మీద కొట్టలేదు. దాహమేసినా సరే, నేను చూసి అడిగేదాకా ఊరుకునేవారు.

బిసాహు ఆ తర్వాత ఒకసారి బజార్లో కనిపించాడు. మేకేమీ కొట్టించలేదట. నేను వెళ్ళొచ్చిన వారం నించి శబ్దం దానంతటదే పోయిందన్నాడు.

ఎండకి రేకు చిటపటలాడుతుంది, నాకూ తెలుసు. కానీ నా అరచేతి కింద అదిరింది చిటపట కాదు. చచ్చినవాళ్ళు తిరుగుతారంటే అదీ ఒక మాట. అప్పటికి మా అత్తగారు బతికే ఉన్నారు. రెండు మైళ్ళ దూరంలో మంచం మీద, పక్కన మనిషి ఉండగా. ఇన్నేళ్ళూ ఎటు నించి ఆలోచించినా నాకు అందలేదు.

మీ తాతయ్యకి నేను చివరిదాకా చెప్పలేదు. ఆయన ప్రతి ఆగస్టు పదిహేనుకీ జెండా చూసొచ్చి, ఆ లారీ కుర్రాడి పేరున ఒక అగరొత్తి వెలిగించేవారు. నేనే అగ్గిపెట్టె అందించేదాన్ని.

చిన్నదాన్ని మళ్ళీ ఫోన్ చెయ్యమనండి. ఈసారి పెట్టెయ్యను. సిపాయి ఎవరూ లేడు, రేపు మీ పిల్లలకి ఆ కథ చెప్పకండి. ఆ రెండు దెబ్బలు ఎలా వచ్చాయో నాకు తెలీదు. ఒక్క దెబ్బ కొట్టి ఆపింది మాత్రం, ఒకసారి అబద్ధంతో, ఒకసారి చేత్తో, రెండుసార్లూ నేనే.