ఎడమ అంచున మంత్రి

చదరంగంలో నాకంటే ఎంతో పైమెట్టున ఉన్న మా మేనమామను పోస్టుకార్డుల మీద ఓడించిన ఘనుణ్ణి నేను. అంతటి చెత్త నిర్ణయం భవాని పేట్‌లో మరే దుకాణదారూ తీసుకోలేదని ఇప్పటికీ ఛాతీ విరుచుకుని చెప్పగలను. ఈ పొద్దున గిరాకీ లేక ఫోన్లో చదరంగం ఆడుతుంటే, వేసిన ఎత్తును వెనక్కి తీసుకునే బటన్ కనిపించింది. ఇక టవళ్లు మడతపెట్టబుద్ధి కాలేదు.

మామను ఓడించింది పోస్టులో నడిచే పోటీలో. సెమీఫైనల్లో మేమిద్దరం ఎదురుపడ్డాం. మామ ఇల్లు రెండు సందుల అవతలే. అయినా ఆయన ఎత్తు రాసిన కార్డు పెద్ద పోస్టాఫీసు దాకా ఊరేగి, మూడో రోజుకు నా గల్లాపెట్టె మీద వాలేది. ఈలోగా ఆయనే వచ్చి నా ఎదుట చాయ్ తాగి, ఆట ఊసెత్తకుండా వెళ్లేవాడు. కుంఠా నాకాలోని కార్ఖానాలో ఆయన నడిపిన మరమగ్గాలను యజమాని పాత ఇనుముకు అమ్మేశాడు. ఇంట్లో అత్తమ్మ బీడీలు చుడుతుంటే, గుమ్మంలో కూర్చుని పోస్టుమాన్ కోసం చూడటమే ఆయనకు మిగిలిన పని. ఫైనల్‌కు వెళ్తే ఇంకో ఏడాది కార్డులొస్తాయి. అంతకు మించి ఆయన ఏమీ కోరలేదు.

గెలిచే ఆటలో మామ మంత్రిని కుడి అంచుకు బదులు ఎడమ అంచుకు రాశాడు, సరిగ్గా నా గుర్రం నోటికి. ఏళ్ల తరబడి చద్దర్ దుప్పటిని పూల ముఖం కిందికి, వీపు పైకి పెట్టి నేసిన మనిషి. కుడి పువ్వును ఎడమన చూసుకోవడం ఆ కళ్లకు అలవాటు. కార్డు నాకందిన సాయంత్రమే దుకాణానికొచ్చాడు.

"అల్లుడా, కుడి అన్కొని ఎడమ రాసిన. ఇంకో కార్డు ఏస్త, గది చింపెయ్ రా."

"కత్తెర పడ్డ బట్ట వాపస్ తీస్కుంటనా మామా?"

"గల్లా మీద మా అక్క కూసున్నప్పుడు తీస్కుంటుండె," అన్నాడు మా అమ్మను తలుచుకుని నవ్వి. నేను నవ్వలేదు. "జావూ దే, పోనీ," అని చాయ్ సగంలో వదిలి లేచాడు.

ఆ మంత్రిని కొట్టి ఫైనల్‌కు వెళ్లాను, అక్కడ ఆడిన ప్రతి ఆటా ఓడాను. మామతో కొత్త ఆట మొదలుపెడుతూ మూడు కార్డులు రాశాను. జవాబు లేదు. "నీ కార్డు పక్కకు వెట్టి, మల్ల పోస్టుమాన్ తొవ్వ చూస్తడు రా," అనేది అత్తమ్మ. ఆయన పోయేదాకా అంతే.

నిజాయితీగా లెక్క చెప్పాలంటే, నాకు దక్కింది ఒక మంత్రి, అదీ చెక్కది. పోయింది మామ ఎదురుచూడాల్సిన ఒక ఏడాది. అది నాకూ కలిసిరాలేదు, ఆయనకూ తిరిగి చేరలేదు.