పాస్టర్ గారి మైకులో నా ప్రకటన

మొన్న ఆదివారం నుంచి భీమడోలులో నేను బజారుకెళ్తే కూరగాయలావిడ కూడా ముసిముసిగా నవ్వుతోందండీ. తప్పు నాదే, ముందే ఒప్పేసుకుంటున్నా. టీ తాగుతూ వినండి, మధ్యలో పొలమారితే మాత్రం నాకు సంబంధం లేదు.

పెళ్లికి ముందు నేను ఏలూరులో ఒక చిన్న కంపెనీలో యాప్‌లు చేసేదాన్ని. ఇప్పుడు మా ఆయన పొద్దున్నే రైలెక్కి ఏలూరు ఆఫీసుకి వెళ్తారు, నేను ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటాను. మా అత్తయ్య గారు చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఆవిడ దృష్టిలో పని అంటే చేతికి మట్టో, పిండో, సబ్బు నురగో అంటాలి. "రోజంతా ఆ పెట్టె ముందు కూర్చుంటావు, దాన్లోంచి ఏవొస్తుందమ్మాయ్?" అని అడిగేవారు. మెత్తగానే అడిగేవారు. అయినా గుచ్చుకునేది.

అందుకని ఆవిడ మెచ్చే యాప్ ఒకటి చేశాను. చర్చిలో పాడే పాటలన్నీ ఫోన్లో ఉంటాయి. నంబరు కొడితే పాట వస్తుంది, పెద్దవాళ్లకి కనపడేలా లావు అక్షరాల్లో. అత్తయ్య గారు కరిగిపోయారు. ఇంటింటికీ తిరిగి అందరి ఫోన్లలో వేయించారు. "మా కోడలు చేసిందండీ" అని పక్కింటావిడకి చెప్తుంటే తలుపు వెనక నిలబడి విన్నాను. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఆ "ఏవొస్తుంది" అలాగే మిగిలిపోయింది కదా, ఏదో ఒకటి వచ్చిందని చూపించాలి. యాప్‌కి వెల పెడదామా అంటే, దేవుడి పాటకి వెల కడతావా అన్నారు మా ఆయన. నెలనెలా చందా పెడదామా అంటే, చర్చి చందాకే ఒకటికి పదిసార్లు గుర్తుచేయాల్సి వస్తోందన్నారు. కొత్త పాటలు మాత్రం కొనుక్కోమందామా అంటే, మన చర్చిలో కొత్త పాటలు పాడిందెప్పుడన్నారు. ఇక మిగిలింది ప్రకటనలు. అడుగున సన్న పట్టీలా పెట్టి చూశాను, వచ్చింది టీ పొడికి కూడా చాల్లేదు. యాప్‌లతో ఎలా సంపాదించాలో చెప్పే వీడియోలు చూసి, ఒక పాట నుంచి ఇంకో పాటకి వెళ్లేటప్పుడు స్క్రీనంతా నిండే ప్రకటన పెట్టాను. ఎలాంటివి వద్దో టిక్కు పెట్టమని సెట్టింగ్స్‌లో అడిగింది. వద్దన్నకొద్దీ ఆదాయం తగ్గుతుందని కిందే రాసుంది. నేను దేన్నీ వద్దనలేదు. నా ఫోన్లో టెస్ట్ చేస్తే తెల్లటి బొమ్మ ఒకటి వచ్చి వెళ్లిపోయింది, చూడ్డానికి మర్యాదగానే ఉంది. శనివారం సాయంత్రం అప్‌డేట్ వదిలేశాను.

ఆదివారం కోత పండుగ. ఆ రోజు మా వాళ్లంతా పొలంలో పండిందో, పెరట్లో కాసిందో, ఇంట్లో పెరిగిన కోడో చర్చికి తెచ్చి ఇస్తారు. ఆరాధన అయ్యాక ఆవరణలో వాటిని వేలం వేస్తారు. కొల్లేరు వైపు వాళ్లు కొర్రమేనులు తెచ్చారు. హాలంతా కిక్కిరిసిపోయింది. ఇంతకీ, ఎవరూ పాటల పుస్తకం తేవద్దని అత్తయ్య గారు ముందే చెప్పేశారట. ఆ సంగతి నాకు అక్కడికెళ్లాకే తెలిసింది.

మొదటి పాట హాయిగా సాగింది. పాస్టర్ గారు రెండో పాట నంబరు చెప్పి, తన ఫోన్లోనూ కొట్టారు. అందరూ కొట్టారు. ఆయన ఫోనేమో మైకు పక్కనే ఉంది.

ఒక ఫోన్ రమ్మీ ఆడమంటోంది. ఇంకోటి నిమిషంలో లోనిస్తానంటోంది. నా వెనక మామ్మగారి ఫోన్లో ఎవడో కండలు పెంచే పొడి అమ్ముతున్నాడు. వీటన్నిటి మీదా మైకులోంచి ఒక అమ్మాయి గొంతు, తేనె కారుతూ: "ఎన్నాళ్లిలా ఒంటరిగా ఉంటారు? మీ ఊళ్లోనే నాలాంటి అమ్మాయిలు మీకోసం ఎదురుచూస్తున్నారు."

కీబోర్డు వాయిస్తున్న పాస్టరమ్మ గారి చేతులు ఆగిపోయాయి. పాస్టర్ గారు ప్రకటన మూసే గుర్తు కోసం వెతికారు. అది మూలన ఆవగింజంత ఉంటుంది, అదీ కాసేపు ఆగితే గానీ రాదు. ఆయన కంగారులో స్క్రీను మధ్యలో నొక్కారు. దాంతో డౌన్‌లోడ్ మొదలైంది, ఆ అమ్మాయేమో మళ్లీ మొదట్నుంచి అడగడం మొదలెట్టింది.

బెంచీ కింద నేను పట్టేంత చోటుందా అని చూసుకున్నాను. అత్తయ్య గారు నావైపు తిరగను కూడా లేదు. నాకు భయమేసింది అందుకే. "మా కోడలు" అన్న ఆ నోటితో ఇంకెప్పుడూ ఆ మాట అనరేమో అనిపించి ఏడుపొచ్చింది. ఆవిడ ఫోన్ సంచిలో పడేసి, లేచి నిలబడి, రెండో పాట చూడకుండా ఎత్తుకున్నారు. పెద్దవాళ్లంతా గొంతు కలిపారు. వాళ్లకి పుస్తకమూ అక్కర్లేదు, నా యాపూ అక్కర్లేదని నాకప్పుడు అర్థమైంది.

ఆరాధన అయ్యాక సొరకాయలు, కోళ్లు, కొర్రమేనులు వరసగా వేలమైపోయాయి. అప్పుడు అత్తయ్య గారు వెళ్లి మైకు అందుకున్నారు.

"ఇంకోటి ఉందండీ. మా కోడలు ఆ ప్రకటనలన్నీ తీసేస్తుంది. ఏడాదిదాకా ఒక్కటీ రాదు. ఎవరెంతకి పాడతారో పాడండి."

మొదట చెయ్యెత్తింది పాస్టర్ గారే. ఆయన మీద పాస్టరమ్మ గారు పాడారు. జనం పడీపడీ నవ్వుతుంటే వేలం ఎక్కడికో వెళ్లిపోయింది. చివరికి దెందులూరులో చేపల చెరువులున్న ఒకాయన దక్కించుకున్నారు. ఆయన ఫోన్లో కూడా ఆ అమ్మాయే మాట్లాడిందట. వాళ్లావిడ వచ్చి ఫోన్ చూసేలోపు తీసేయమ్మా అని బతిమాలారు. అక్కడే నిలబడి ప్రకటనలన్నీ ఆపేశాను.

నా యాప్ మీద వచ్చిన మొదటి చెప్పుకోదగ్గ ఆదాయం అదేనండీ. పైసాతో సహా చర్చి పెట్టెలోకి వెళ్లింది. నేను చూసిన అన్ని వీడియోల్లోనూ ఈ పద్ధతి ఒక్కరూ చెప్పలేదు.

ఇంటికొచ్చాక, క్షమించండి అత్తయ్య గారూ, మీ పరువు తీశాను అన్నాను. ఆవిడ వేలంలో పాడి తెచ్చిన కొర్రమేనుని బూడిదతో రుద్దుతున్నారు. తలెత్తకుండానే అన్నారు:

"పోన్లే అమ్మాయ్. ఆ పెట్టెలోంచి ఏవొస్తుందో ఇవాళ తెలిసింది. వచ్చే కోత పండుగకి ఆ పిల్లని మళ్లీ పెట్టు. చర్చికి రేకులు మార్పించాలి."