మా మేనత్త ఒప్పుకోని రాజీ

మా మేనత్త పోయింది. ఆత్మకూరు నుంచి మనిషి వచ్చి ఆ కబురు చెప్పేటప్పటికి నేను ఉదయగిరిలో పుట్టింట్లోనే ఉన్నాను. నాయన అరుగు మీద నిలబడి తువ్వాలు దులుపుతున్నాడు. ఎప్పుడు పోయిందని కూడా అడగలేదు. "కోతలు కానిచ్చి అక్కను తీసుకొద్దామనుకున్నానే" అన్నాడు.

ఆ పిలుపు కోసమే అత్త నాలుగేళ్లు కాచుకుంది. నాకు నాయన మీద కోపమే. దాచుకోను.

అవ్వ మంచాన పడ్డ నెలంతా అత్తే వచ్చి చాకిరీ చేసింది. అవ్వ పోయాక, పెద్దకర్మ నాడు చూస్తే అవ్వ బంగారు కమ్మలు లేవు. బంధువులంతా విస్తళ్ల ముందు కూర్చున్నారు. అత్త నెయ్యి వడ్డిస్తోంది. నాయన నడింట్లో నిలబడి, "అమ్మ కమ్మలు తీసింది నువ్వే" అన్నాడు. అత్త నెయ్యి గిన్నె కింద పెట్టి గడప దాటి వెళ్లిపోయింది.

తరువాత రెండేళ్లు మా పక్క చినుకు లేదు. వాన లేక విత్తలేదు. విత్తలేదు కనుక పేడతో మూతి మెత్తిన జొన్న విత్తనాల కుండను ఎవరూ తెరవలేదు. మూడో ఏడు వాన పడి నేల పదునయ్యాక అమ్మ దాని మూత తీస్తే, బూడిద కలిపిన జొన్నల్లో చిన్న గుడ్డమూట, అందులో కమ్మలు. మంచాన పడకముందే అవ్వ దాచుకుంది పాపం, ఎవరికీ చెప్పకుండా.

నాయన ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని, కమ్మలూ కొత్త చీరా తీసుకుని ఆత్మకూరు పోయాడు. "జరిగిందేదో జరిగిపోయింది. అక్కాతమ్ముళ్లు, రాజీ పడండమ్మా" అన్నారట వాళ్లు. అత్త అందరికీ మజ్జిగ ఇచ్చింది. చీర తీసుకుంది. కమ్మలు నాకు పంపింది. రాజీ అయిపోయిందని అందరూ అనుకున్నారు, బుద్ధిలేక నేనూ అనుకున్నాను.

నా పెళ్లికి అత్త మూడు రోజుల ముందే వచ్చింది. పందిట్లో కూర్చుని కూరలు తరిగింది, అందరినీ ఆటపట్టించింది, సందులోంచి పెరట్లోకి వచ్చి నాకు నలుగు పెట్టింది. గడప మాత్రం దాటలేదు. మంచినీళ్లు కూడా అరుగు మీదకే తెప్పించుకుంది.

"రాజీ అయింది గదత్తా, లోపలికి రావేం?" అన్నాను.

ఒళ్లు రుద్దుతూనే చెప్పింది. "రాజీ అంటే ఏందనుకున్నావు పిల్లా? అన్న నోటితోనే, అన్న చోటనే, విన్నోళ్ల ముందర కాదని చెప్పడం. మిగతాదంతా నోరు మూయించడమే."

మొన్న అత్తకు జబ్బు ముదిరిందంటే నాయనా నేనూ బస్సెక్కి పోయాం. నాయన గదిలోంచి అందరినీ పంపేశాడు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. వంగి అత్త చెవిలో, "తప్పు నాదేనక్కా" అన్నాడు.

అత్తకు అప్పటికే ఊపిరి అందడం లేదు. "నీ మనసులో ఉండాదని నాకు తెలుసులేరా. అన్నది నలుగురిలో, చెప్పేది నా చెవిలోనా?"

"కోతలు కానీ అక్కా. అందరినీ మనింటికి పిలిచి చెబుతాను. నిన్ను బండిలో తీసుకుపోతాను."

అత్త తలూపింది. నమ్మిందో లేదో నాకు తెలియదు.

పాడె ఎత్తేముందు నాయన చెప్పాడు. ఆత్మకూరులో ఆ వాకిట్లో నిలబడి, "మా అక్క దొంగ కాదు. దొంగ అన్నది నేను" అని అరిచాడు. ఎవరో భుజం పట్టుకుని, "ఊరుకో అన్నా, ఇప్పుడెందుకవన్నీ" అన్నారు. ఆ రోజు పెద్దకర్మలో అన్నం తిన్నవాళ్లలో సగం మంది అక్కడ లేరు. వినవలసిన మనిషి అసలే లేదు.

తిరిగి ఉదయగిరి వచ్చాక స్నానం చేసి నాయన అరుగు మీద, అత్త కూర్చునే చోటే కూర్చున్నాడు. అమ్మ అన్నం పెట్టి లోపలికి రమ్మని రెండుసార్లు పిలిచింది.

"ఇక్కడికే తీసుకురా" అన్నాడు నాయన.