టెన్నిస్ ఆడిన చెయ్యి

2022 ఆగస్టులో ఒక మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు నేను ఒక పెద్దావిడ కుడిచేతికి ఎక్స్‌రే తీశాను. ఇప్పటి ఫొటోల మూలన సమయం దానంతట అదే పడుతుంది కాబట్టి ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. సూర్యాపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను రేడియోగ్రాఫర్‌ని, అంటే ఎక్స్‌రే తీసే మనిషిని. అప్పటికి ఇరవై రెండేళ్ల సర్వీసు. మోకాళ్లు, ఛాతీలు, బండి మీది నుంచి పడినవాళ్ల కాళ్లు. ఆ రోజూ అలాంటి రోజే.

ఆమె పేరు సుగుణమ్మ, వయసు డెబ్బై ఏడు. పెళ్లి చేసుకోలేదు. కోదాడలో అన్న కొడుకు డేవిడ్ ఇంట్లో ఉంటోంది. స్నానాల గది దగ్గర జారి భుజం మీద పడితే, తెలిసిన డాక్టరు ఉన్నాడని డేవిడ్ సూర్యాపేటకు తీసుకొచ్చాడు. అతనికి కోదాడలో టైర్ల దుకాణం ఉంది. మంచివాడు. లోపలికి వచ్చేటప్పుడు అత్తమ్మ చెప్పులు తనే విప్పి పక్కన పెట్టాడు.

ఫొటో తీసే ముందు రెండు మూడు సంగతులు రాసుకోవాలి. పేరు, వయసు, ఎలా పడ్డారు, ఏం పని చేసేవారు. ముసలివాళ్లు వస్తే ఇవన్నీ వెంట వచ్చినవాళ్లను అడగడం మా అలవాటు. వాళ్లకు సరిగా వినపడదని, చెప్పడానికి ఆలస్యమవుతుందని. బయట వరుసలో పదిమంది ఉంటారు.

"పనేం చేసేది?" అని డేవిడ్‌ను అడిగాను.

"మిర్యాలగూడలో రైసు మిల్లు దగ్గర లారీల తూకం చీటీలు రాసేదండి. కూర్చునే పనే. బరువు పనులేం లేవు."

జాకెట్టు చెయ్యి పైకి మడవడానికి నేనే సాయం చేశాను. మోచేతి పైన చెయ్యి నా పట్టుకు అందలేదు. మిగతా మనిషి సన్నగా ఉంది. అది గమనించాను కానీ వాపు అనుకున్నాను.

ఫొటోలో విరిగిన గీత ఏమీ లేదు. కానీ ఎముక మామూలుగా లేదు. మోచేతి నుంచి భుజం దాకా ఉండే ఎముకను హ్యూమరస్ అంటారు. ఆ వయసు ఆడమనిషికి ఉండాల్సిన దానికంటే అది బాగా వెడల్పుగా ఉంది. పై గట్టి పొరను కార్టెక్స్ అంటారు, అది అక్కడక్కడా మందంగా ఉంది. నేను డాక్టరుగారిని పిలిచాను. ఎముకల డాక్టరు, వయసులో చిన్నవాడు, తొందరపడే మనిషి కాదు. చాలాసేపు చూశాడు. "విరగలేదు. కానీ ఎముక లావెక్కింది. లోపల గడ్డ ఉండొచ్చు. హైదరాబాద్‌లో చూపించండి" అన్నాడు.

డేవిడ్ ముఖం మారిపోయింది. "క్యాన్సరా సార్?"

"ఇప్పుడే అనలేం."

సుగుణమ్మ స్టూలు మీద కూర్చుని వింటోంది. అప్పటిదాకా ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. డాక్టరు బయటికి వెళ్లాక నా వైపు తిరిగి మెల్లగా అంది.

"దానికేం రోగం లేదు బిడ్డా. అది టెన్నిస్ ఆడిన చెయ్యి. గట్లనే ఉంటది."

డేవిడ్ అంత భయంలోనూ నవ్వాడు. "టీవీలో టెన్నిస్ వస్తే కదలదండి మా అత్తమ్మ. అదే మనసులో పెట్టుకుంది. చింతపిక్కలు తప్ప ఏం ఆడినవ్ అత్తమ్మా నువ్వు?"

ఆమె అతని వైపు చూడలేదు. నన్నే చూస్తోంది. "రెండో చెయ్యి కూడ తియ్యి. పక్కపక్కన పెట్టి సూడు. తెలుస్తది."

"డాక్టరుగారు ఒక్కటే రాశారమ్మా" అన్నాను. అది నిజమే. చీటీలో లేని ఫొటో మేం తీయకూడదు. కానీ లోపలికి వెళ్లి అడిగితే ఆయన రాసిచ్చేవాడే. పది అడుగుల దూరం. నేను వెళ్లలేదు. డేవిడ్ నవ్వినప్పుడు నేను కూడా నవ్వాను.

ఏడు వారాల తర్వాత వాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి సుగుణమ్మ కుడిచెయ్యి మెడలో వేసిన గుడ్డ పట్టీలో వేలాడుతోంది. హైదరాబాద్‌లో స్కానింగ్ చేశారట. అనుమానం పూర్తిగా తీరలేదని బయాప్సీ చేశారట. బయాప్సీ అంటే పరీక్ష కోసం చిన్న ముక్క తీయడం. ఎముకలోంచి తీయాలంటే దానికి కంత పెట్టాలి. ఫలితం కాగితం డేవిడ్ దగ్గర ఉంది. రోగమేమీ లేదు, మామూలు ఎముక అని రాసి ఉంది. అది వచ్చిన రోజు ఇంట్లో ప్రార్థన పెట్టించి, వీధిలో అందరికీ లడ్డూలు పంచారు. మూడో రోజు సుగుణమ్మ మంచం పట్టెను పట్టుకుని లేవబోతే చెయ్యి టక్కుమంది.

ఫొటో తీశాను. విరిగిన గీత సరిగ్గా ఆ కంత మీదుగా వెళ్తోంది.

నేను డాక్టరుగారి గదికి వెళ్లి, ఎడమ చేతికి కూడా ఒకటి రాసివ్వమని అడిగాను. ఎందుకని అడక్కుండానే రాశాడు. రెండు ఫొటోలూ తెర మీద పక్కపక్కన పెట్టాం. ఎడమ చేతి ఎముక ఆ వయసులో ఎవరికైనా ఉండేలాగే సన్నగా ఉంది. కుడిది దానికి ఒకటిన్నర రెట్లు. ఎక్కడా గరుకు లేదు, గడ్డ లేదు. కండరాలు అతుక్కునే చోట్ల దిట్టంగా, నునుపుగా ఉంది. ఎదిగే వయసులో ఏళ్ల తరబడి ఒకే చేత్తో బలంగా కొడితే ఎముక అలా వెడల్పవుతుందని మేం చదువుకునేటప్పుడే ఒక పాఠంలో ఉంది. దాని కింద ఉదాహరణగా రాసింది టెన్నిస్ ఆటగాళ్లనే. ముసలితనంలో గట్టిదనం తగ్గినా వెడల్పు మిగులుతుందని కూడా ఉంది. నేను ఆ పరీక్ష రాసి పాసయ్యాను.

డాక్టరు నా వైపు తిరిగాడు. "ఆమె ఏమైనా ఆడేదా మేడమ్?"

"టెన్నిస్ ఆడానని చెప్పింది."

"ఎప్పుడు?"

"మొదటిసారి వచ్చినప్పుడే."

"ఎవరికి?"

"నాకు."

ఆయన లేచి కట్టు వేయడానికి కావాల్సినవి తెప్పించే పనిలో పడ్డాడు. దానికి గంట పట్టింది. ఆ గంట నేను సుగుణమ్మ పక్కన కూర్చున్నాను. డేవిడ్ మందుల కోసం వెళ్లాడు.

"ఎక్కడ ఆడినవమ్మా?" అని అడిగాను. ఈసారి ఆమెనే అడిగాను.

నాగార్జున సాగర్ కడుతున్న రోజుల్లో వాళ్ల నాన్న అక్కడి ఆఫీసర్ల క్లబ్బులో పనిచేసేవాడు. మట్టి కోర్టుకు నీళ్లు చల్లి, రోలర్ లాగి, సున్నంతో గీతలు గీయడం ఆయన పని. ఆడేందుకు జత లేని ఆఫీసర్లకు బంతులు కొట్టడమూ ఆయన పనే. సుగుణమ్మకు పదేళ్లు. సామాన్ల గది గోడకు బంతి కొడుతుంటే ఒక ఇంజినీరుగారి భార్య చూసి, తీగలు తెగిన తన పాత రాకెట్ ఇచ్చింది.

"మా అమ్మ ఒక్కటే లొల్లి. ఆడపిల్ల కాళ్లు కనవడంగ ఎగురుడేందని. మా నాయన ఏమనలే. తెల్ల పంచె చింపి ఇచ్చిండు, గౌను కుట్టుమని. ఇగ మా అమ్మనే కుట్టింది, తిట్టుకుంట."

పదహారేళ్లకు క్లబ్బులో ఆమెను గెలిచేవాళ్లు లేరు. పదిహేడేళ్లకు రాష్ట్రంలో లేరు. నాలుగేళ్లు వరుసగా ఆడవాళ్ల కప్పు ఆమెదే. మద్రాసు వెళ్లింది, ఢిల్లీ వెళ్లింది. మూడో తరగతి పెట్టెలో రెండు పగళ్లు రెండు రాత్రులు. చెక్క రాకెట్ వంగిపోకుండా నాలుగు మరలున్న చట్రంలో బిగించి ఒళ్లో పెట్టుకుని కూర్చునేదట.

"ఢిల్లీల గడ్డి కోర్టు. నేను గడ్డి మీద ఎన్నడు ఆడలే. బంతి లేవనే లేవదు, మోకాళ్ల కాడనే పోతది. మొదటి దినం పరేషాన్ అయిన. రెండో దినం సమజైంది. ఇగ వంగుడే వంగుడు. ఫైనల్ దాక పోయిన."

"గెలిచినవా?"

"గెలువకపోతే చెప్తనా నీకు?" అంది. ఆ రోజు ఆమె నవ్వింది అప్పుడొక్కసారే.

గెలిస్తే ఏమిచ్చేవారని అడిగాను. అప్పట్లో పోటీలన్నీ అమెచ్యూర్లవి. అమెచ్యూర్ అంటే ఆటకు డబ్బు తీసుకోని మనిషి. పూలదండ, ఫొటో, చాయ్. రైలు ఖర్చు ఎవరిది వాళ్లదే. కప్పు మీద పేరు చెక్కించి చేతిలో పెట్టేవారు, వచ్చే ఏడు పోటీకి ముందు తిరిగి ఇచ్చేయాలి. అందుకే ఇంట్లో ఒక్క కప్పూ లేదు. ఫొటోలు క్లబ్బు గోడకు ఉండేవి. ఆ క్లబ్బు తర్వాత ఏమైందో ఆమెకు తెలియదు.

ఆమెకు ఇరవై రెండేళ్లప్పుడు వాళ్ల నాన్న కాలి మీదికి రోలర్ ఎక్కింది. ఆయన ఇక లేచి పనిచేయలేకపోయాడు. ఇల్లు గడవాలి. క్లబ్బువాళ్లు ఆయన పని ఆమెకిచ్చారు. దాంతోపాటు ఆఫీసర్ల పిల్లలకు ఆట నేర్పమన్నారు. నాన్న జీతమే ఆమెకు ఇచ్చేవారు. అయిదు నెలలకు పోటీలు నడిపేవాళ్ల దగ్గరి నుంచి ఇంగ్లీషులో మూడు లైన్ల ఉత్తరం వచ్చింది. మీరు ఆట నేర్పి జీతం తీసుకుంటున్నారు, కాబట్టి అమెచ్యూర్ కారు, ఇకపై మా పోటీల్లో ఆడే అర్హత లేదు.

"నా మీద ఎవరు రాసి పంపిన్రో తెల్వదు. నేను ఓడగొట్టినోళ్లు శానమంది ఉన్నరు కద."

"జీతం వద్దంటే?"

"వద్దంటే తినుడెట్ల బిడ్డా? ఆడేటోళ్లందరి ఇండ్లల్ల తిండి ఉంటది. అది సూసుకునే పెట్టిన్రు రూలు."

ఆ మరుసటి ఏడే ఆ నియమం ప్రపంచమంతా సడలిపోయింది. డబ్బు తీసుకునేవాళ్లూ తీసుకోనివాళ్లూ కలిసి ఆడొచ్చన్నారు. ఆమెకు ఎవరూ ఉత్తరం రాయలేదు. అప్పటికి డ్యామ్ కట్టడం అయిపోవచ్చి క్లబ్బులో పని పోయింది, వాళ్లు మిర్యాలగూడ వచ్చేశారు. ఆమె మిల్లు గేటు దగ్గర తూకం చీటీలు రాస్తోంది. ఆ పని ముప్పై ఆరేళ్లు చేసింది.

"ఇంట్లో ఎందుకు చెప్పలేదు?"

"చెప్పిన. మా అన్నకు తెలుసు. ఆయన పోయిండు. ఈ పోరగాండ్లకు చెప్తే కథలు చెప్తున్న అంటరు. నీకు కూడ చెప్పిన గద."

నేను తల దించుకున్నాను. క్షమించమని అడిగాను. ఆమె ఎడమ చేత్తో నా మణికట్టు తట్టింది. ఫర్వాలేదని మాత్రం అనలేదు.

ఆ చెయ్యి సరిగా అతుక్కోలేదు. కంత పెట్టిన ఎముక, డెబ్బై ఏడేళ్ల వయసు. అన్నం కలుపుకోలేకపోయింది. డేవిడ్ భార్య తినిపించేది. అప్పుడప్పుడు నేను ఫోన్ చేసేదాన్ని. మంచం మీదే ఎక్కువగా ఉండటం వల్ల ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. మరుసటి జనవరిలో చనిపోయింది.

మూడు రోజుల తర్వాత డేవిడ్ ఫోన్ చేశాడు. "మేడమ్, ఆదివారం కోదాడలో జ్ఞాపకార్థ కూడిక పెట్టామండి. చర్చిలో అత్తమ్మ జీవితం చదవాలి. మాకు చీటీలు రాసిన సంగతి తప్ప ఏం తెల్వదు. మీకే చెప్పింది కదా. రాసివ్వండి."

ఒక పేజీ రాశాను. ఎక్కువ మాటలు వాడలేదు. పాస్టర్‌గారు చదివారు. గౌను సంగతి వచ్చినప్పుడు కూర్చున్నవాళ్లు నవ్వారు. ఢిల్లీ సంగతి వచ్చేసరికి వెనక వరుసల్లోవాళ్లు ముందుకు వంగారు. మిర్యాలగూడ నుంచి మిల్లు మనుషులు ముగ్గురు వచ్చారు. వాళ్లలో ఒక ముసలాయన పక్కనున్నాయన్ని కాస్త గట్టిగానే అడిగాడు, "ఎవరిది చదువుతున్నడు? మన చీటీల సుగుణమ్మదేనా?" రెండుసార్లు అడిగాడు. ఆమె అతనికి ముప్పై ఏళ్లు చీటీలు రాసిచ్చింది.

భోజనాల దగ్గర డేవిడ్ నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. అతని చేతిలో మంచినీళ్ల జగ్గు ఉంది. పోయడం మర్చిపోయాడు.

"నేను ఆ రోజు నవ్వకుండా ఉంటే మీరు రెండో చెయ్యి తీసేవారా మేడమ్?"

"తెలియదు డేవిడ్" అన్నాను. "నేను తీయకపోవడానికి నీ నవ్వు కారణం కాదు." అది కూడా ఎంతవరకు నిజమో నాకు తెలియదు.

హైదరాబాద్‌వాళ్లను నేను తప్పుపట్టలేను. వాళ్ల చేతికి వెళ్లిన కాగితం మీద "కూర్చునే పని, బరువులు మోయలేదు" అని ఉంది. దాన్ని నమ్మి వాళ్లు ఎముకకు కంత పెట్టారు. అది నా చేతిరాత.

ఈ కేసు నాకు నేర్పింది చాలా చిన్నది. ఎవరికైనా తెలిసిందే. నాకు ఇరవై రెండేళ్లు పట్టింది. ఇప్పుడు నేను ముందుగా పేషెంటు ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంటాను. చిన్నప్పుడు ఏం పని చేశావు, ఏం మోశావు, ఏం ఆడావు అని అడుగుతాను. వినపడకపోతే ఇంకోసారి అడుగుతాను. వరుస ఆలస్యమవుతుంది, బయట కేకలేస్తారు. వెనక నుంచి కొడుకో కోడలో జవాబు చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపుతాను. మనిషికి నోరు ఉండగా పక్కవాళ్లను అడిగి రాసుకోవడం మా గదిలో ఇప్పుడు లేదు.