నలుపులో కరెంటు

అరబ్బు దేశాలకు మనుషులను పంపే బొంబాయి ఏజెంటు పెట్టిన పరీక్షలో చెక్కపలక మీద మెట్లదారి లైటుకు వైరింగ్ చేసి, కింద నొక్కినా పైన నొక్కినా వెలిగి ఆరేటట్టు చూపించింది హన్మాండ్లు. కాగితం మీద శభాష్ అనిపించుకున్నది మాత్రం మల్లేశం పేరు. ఏజెంటు కమీషన్ చూశాడే గానీ ముఖం చూడలేదు.

మల్లేశం హన్మాండ్లుకు అక్క మొగుడు. జగిత్యాల దిక్కున బావుల మీది మోటార్లకు కనెక్షన్లిచ్చి, పెళ్లిపందిళ్లకు లైట్లు కట్టి పని నేర్చినవాడు హన్మాండ్లు. మల్లేశానికి ఫ్యూజు వేయడం కూడా రాదు. "ముందుగాల నన్ను దాటియ్యి బామ్మర్దీ, వెనుక నీకూ వస్తది" అని బతిమాలాడు. వెనుక వచ్చింది హెల్పర్ వీసా. అలా ఎనభై తొమ్మిదిలో ఇద్దరూ అరబ్బు దేశపు చమురు రేవు రాస్ తనూరాలో ఒకే కాంట్రాక్టరు దగ్గర తేలారు.

ఎలక్ట్రీషియన్‌కు నెలకు పదకొండు వందల రియాళ్లు, హెల్పర్‌కు ఐదు వందలు. పనంతా హన్మాండ్లుది. టెస్టర్ జేబుకు తగిలించుకుని చల్లటి చోటు వెతుక్కోవడం మల్లేశానిది. మొదట్లో "మనది ఒక్క ఇల్లే గదా బామ్మర్దీ" అనేవాడు. ఏడాది తిరిగేసరికి నలుగురిలో "ఏ హెల్పర్, నిచ్చెన తే" అనసాగాడు. పైసలు పోతే హన్మాండ్లు ఓర్చుకునేవాడేమో. ఆ పిలుపే ముల్లులా దిగింది.

కువైట్ గొడవ మొదలైంది. యెమెన్ వాళ్లు మూటాముల్లె సర్దుకుపోయారు. సైరన్లకు జడిసి మిగతావాళ్లలో కూడా చాలామంది ఎగ్జిట్ కొట్టించుకుని ఊళ్లకు పోయారు. ఎలక్ట్రీషియన్లకు ఎక్కడలేని కరువొచ్చింది. పని తెలిసిన హెల్పర్లను పైకి తీసుకుంటానన్నాడు ఫోర్‌మన్ గులాం మొహిద్దీన్. హైదరాబాద్ మనిషి, నోరు గట్టిది గానీ న్యాయం తెలిసినవాడు. హన్మాండ్లు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"క్యా మల్లేశం, నీ సాలాకు పని వస్తదా?"

బామ్మర్ది పైకి పోతే తన పని ఎవడు చేస్తాడు? మల్లేశం పకపకా నవ్వాడు. "ఆనికేం వస్తది సాబ్! వైర్ల రంగులు గూడ ఎర్కలేవు. నిచ్చెన మంచిగ పడ్తడు, గంతే."

అంతా నవ్వారు. హన్మాండ్లు కూడా నవ్వాడు. నవ్వి, ఆ మాటను పళ్లకింద పెట్టుకున్నాడు.

యుద్ధం ముగిసింది. కువైట్‌లో తగలబడుతున్న బావుల పొగ ఇక్కడిదాకా కమ్మి, కొన్ని రోజులు మిట్టమధ్యాహ్నమే లైట్లు వేసుకోవలసి వచ్చేది. అలాంటి ఒక రోజున కొత్త క్వార్టర్లో సీలింగు లైటు బిగించాలి, ఫోర్‌మన్ వచ్చి చూసుకుంటాడు.

"జల్దీ ఎక్కు బామ్మర్దీ."

"నాకు రంగులు ఎర్కలేవు గద బావా. నువ్వెక్కు. నిచ్చెన పడ్త."

మల్లేశం గొణుక్కుంటూ ఎక్కాడు. మన ఊళ్లో ఎర్ర వైరులో కరెంటు, నల్లది న్యూట్రల్. ఈ క్వార్టర్లు అమెరికా పద్ధతిలో కట్టినవి. ఇక్కడ నలుపులోనే కరెంటు, న్యూట్రల్ తెలుపు. రెండేళ్లలో ఒక్క వైరూ ముట్టని మల్లేశానికి అది తెలియదు. పైకప్పులోంచి వేలాడుతున్న నల్ల వైరు వైపు నిర్భయంగా చెయ్యి చాపాడు.

మెయిన్ స్విచ్ ఆన్‌లో ఉంది. అది హన్మాండ్లు చేతికి అందేంత దూరంలోనే ఉంది. అతను చూస్తూ ఉన్నాడు. ముట్టనీ, చస్తే చావనీ అనిపించింది. కానీ ఇప్పుడు చస్తే వీడు ఎలక్ట్రీషియన్‌గా చస్తాడు. ఊళ్లో అలాగే చెప్పుకుంటారు. తన పేరు వీడి పాడె మీద పోతుంది.

టక్కున మెయిన్ దించాడు.

గులాం మొహిద్దీన్ నలుగురు పనివాళ్లతో వచ్చేసరికి బిగింపు అయిపోయింది, లైటు మాత్రం వెలగలేదు. "మెయిన్ ఎవరు బంద్ చేసిన్రు?"

"నేనే సాబ్. లేకుంటే ఈపాటికి బావ కిందవడి ఉంటుండె. నలుపును న్యూట్రల్ అనుకున్నడు."

ఫోర్‌మన్ పైకి చూశాడు. పైకప్పు నల్ల వైరును లైటు తెల్ల వైరుకు ముడేసి ఉంది, కరెంటును తెచ్చి న్యూట్రల్‌కు. రెండు స్విచ్చులు, వైరు చుట్ట తెప్పించి మల్లేశం ముందు పడేశాడు. "మెట్ల లైటు చేసి చూపియ్. బొంబాయిల చేసినవ్ గదా!"

మల్లేశం వైర్లను అటూ ఇటూ తిప్పాడు. బామ్మర్ది వైపు చూశాడు. బామ్మర్ది నిచ్చెన వైపు చూస్తున్నాడు.

"బొంబాయిల చేసింది గూడ నేనే సాబ్" అని హన్మాండ్లు కింద కూర్చున్నాడు. లైటు వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది.

మరుసటి నెల నుంచి జీతాలు తారుమారయ్యాయి. నిచ్చెన మల్లేశం భుజానికెక్కింది. అయినా హన్మాండ్లు కడుపు చల్లబడలేదు.

శుక్రవారం సెలవు. ఉత్తరానికి బదులు ఊరికి పంపే క్యాసెట్టును టేప్‌రికార్డర్లో పెట్టి, రికార్డు చేసే ఎర్రమీట నొక్కి బావ ముందుకు తోశాడు. ఈ క్యాసెట్టు అక్క ఒక్కతే వినదు, వాడకట్టంతా చుట్టూ చేరి వింటుంది.

"చెప్పు బావా. ఎవరేం పని జేస్తున్నరో చెప్పు."

"తప్పైంది రా. మీ అక్క మొకం జూడు. ఊళ్లె ఇజ్జత్ పోతది."

"నా ఇజ్జత్ పోయిన్నాడు నవ్వినవ్. చెప్పు."

క్యాసెట్టు తిరుగుతోంది. మల్లేశం తల వంచుకుని అన్నాడు: "హన్మాండ్లు... ఎలక్ట్రీషియన్. నేను హెల్పర్‌ను."

హన్మాండ్లు వెనక్కి తిప్పి విన్నాడు. మళ్లీ ఎర్రమీట నొక్కాడు.

"మంచిగ వినొస్తలేదు బావా. ఇంకింత గట్టిగ."